జర్మనీయందలి యొక చిన్న పక్షము

ఎన్నికల చరిత్ర వ్రాయువారు సాధారణముగా గెలిచినవారి కథనే వ్రాయుదురు. రాజ్యాధికారము చేపట్టినవారెవ్వరు, మంత్రివర్గమున నెవ్వరుండిరి, ఏ శాసనములు చేసిరి అను విషయములే గ్రంథములకెక్కును. నూటికి రెండో మూడో వోట్లు సంపాదించి శాసనసభాద్వారముకడ నిలిచిపోయిన పక్షముల సంగతి యే పుట యడుగుననో చిన్న యక్షరములలో నుండును. అయినను మంచి వైద్యుడు రోగి శరీరముపైనున్న చిన్న కురుపును సైతము చూచి దాని మూలమెక్కడనున్నదో విచారించును. ఒక దేశప్రజల మనస్సులో నే ద్వేషము దాగియున్నది, అది యెప్పుడు పైకి వచ్చును, ఎప్పుడు లోనికడగును అను సంగతి తెలిసికొనుటకు చిన్న పక్షముల చరిత్ర మిక్కిలి యుపకరించునని మేము తలంచుచున్నాము.

ఈ వ్యాసమున జర్మనీ దేశపు జాతీయ ప్రజాస్వామ్య పక్షము కథ చెప్పదలచితిమి. ఆ దేశమువారు దీనిని పేరులోని మొదటి యక్షరములనుబట్టి ఎన్.పి.డి. యందురు. ఇది 1964లో పుట్టినది. నాటినుండి నేటివరకు దేశ పార్లమెంటునకు జరిగిన యెన్నికలలో నొక్క స్థానమైనను గెలువలేదు. అట్లయ్యును దీనిని నిషేధింపుమని రెండుమారులు దేశములోని రాజ్యాంగ న్యాయస్థానమునకు వ్యాజ్యములు పోయినవి. మూడవమారు దీనికిచ్చు ప్రభుత్వధనమును మాన్పింపుమని మఱియొక వ్యాజ్యము నడచినది. ఇంత చిన్న పక్షమున కింత యలజడి యేల యని చదువరులు ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్నకు మాకు తోచిన సమాధానమే యీ వ్యాసము.

ముందుగా నొక మాట. ఫ్రెంచి విప్లవము నాటి సభలో రాజుపక్షమువారు అధ్యక్షునకు కుడివైపునను, మార్పుగోరువారు ఎడమవైపునను కూర్చుండిరి. నాటినుండి కుడిపక్షము, ఎడమపక్షము అను మాటలు రాజకీయములలో వాడుకకు వచ్చినవి. కుడిపక్షమున గౌరవనీయులైన సంప్రదాయవాదులనేకులు కలరు. ఈ విమర్శ వారినిగూర్చినది కాదు. పుట్టుకనుబట్టి, రక్తమునుబట్టి మనుష్యుని విలువ కట్టుచు, తమ జాతివాడు కానివానికి పౌరుడుగా సమానస్థానము లేదను తీవ్ర కుడిపక్షమువారినిగూర్చియే మేము చెప్పుచున్నాము.

జర్మనులకు చిన్న పక్షమన్న నేల భయమో తెలియవలెనన్న 1928వ సంవత్సరమునకు పోవలెను. ఆ యేడు మే నెల 20వ తేదీన జరిగిన యెన్నికలో హిట్లరు పక్షమునకు నూటికి 2.6 వోట్లు మాత్రమే వచ్చినవి. దొరికిన స్థానములు 12. దాని పని ముగిసినదని పలువురు తలంచిరి. మఱుసటి యేటి చివర నమెరికాలో వాటాల బజారు కూలగా నా దెబ్బ జర్మనీకి తగిలినది; కర్మాగారములు మూతవడినవి; లక్షలకొలది జనులు పనిలేక వీధుల పాలైరి. 1930 సెప్టెంబరు 14వ తేదీ యెన్నికలో నా పక్షమునకే నూటికి 18.3 వోట్లును 107 స్థానములును వచ్చినవి. 1932 జూలైలో వోట్లు నూటికి 37.3కును, స్థానములు 230కిని పెరిగినవి.

ఇది యందఱెఱిగిన కథయే. కాని యీ కథలో తఱచుగా మఱవబడు సంగతులు రెండు కలవు. మొదటిది తూరింజియా రాష్ట్రమునందు జరిగినది. 1929 డిసెంబరున నచటి శాసనసభకు జరిగిన యెన్నికలో హిట్లరు పక్షమునకు 53 స్థానములలో నాఱు మాత్రమే వచ్చినవి. ఎడమపక్షములతో కలియుట కిష్టపడని యితర పక్షములవారు తమ మంత్రివర్గమునకు బలము చాలక యా యార్గురి తోడ్పాటు కోరిరి. దానికి బదులుగా 1930 జనవరిలో విల్హెల్మ్ ఫ్రిక్ అను నాజీ నాయకునకు హోంశాఖను, విద్యాశాఖను అప్పగించిరి. అనగా పోలీసులును పాఠశాలలును నొక్కచేతిలోనికి పోయినవి. ఆఱు స్థానములు గల పక్షమున కవి తమంతట వచ్చినవి కావు. పెద్దమనుష్యులు పిలిచి యిచ్చినవి.

రెండవ సంగతి 1932 నవంబరు నాటిది. ఆ నెలలో జరిగిన యెన్నికలో హిట్లరు పక్షమునకు వోట్లు పెరుగలేదు సరికదా, ఇరువదిలక్షలు తగ్గినవి. నూటికి 37.3 నుండి 33.1కి దిగినవి, స్థానములు 196కు పడిపోయినవి. ఆ పక్షము దిగజాఱుచున్న తరుణముననే, రెండునెలలు దాటి, 1933 జనవరి 30న అధ్యక్షుడు హిండెన్‌బుర్గ్ హిట్లరును ప్రధానమంత్రిగా నియమించెను. మంత్రివర్గమున నాజీలు హిట్లరుతో కలిపి మువ్వురే. తక్కినవారందఱు పాతకాలపు కుడిపక్షమువారు. వీనిని మనము చుట్టుముట్టి యదుపులో నుంచవచ్చునని ఫోన్ పాపెన్ మొదలగువారు నమ్మిరి. తరువాత నెవ్వరెవ్వరి యదుపులోనుండిరో లోకమెఱుగును. కావున వోటరులు హిట్లరును గుమ్మమువఱకు తెచ్చిన మాట నిజమేగాని, తలుపు గడియ తీసినవారు మాత్రము గౌరవనీయులు. ఈ భేదమును చదువరులు మనస్సున నుంచుకొన గోరుచున్నాము.

యుద్ధానంతరము 1949లో పశ్చిమజర్మనీకి క్రొత్త రాజ్యాంగము వ్రాసినవారు ఈ యనుభవమును మఱవలేదు. ప్రజాస్వామ్యము తన్ను చంపవచ్చినవానికి తానే కత్తి యందింపరాదని వారి నిశ్చయము. కనుక రెండు కట్టుబాట్లేర్పడినవి. స్వేచ్ఛాయుతమైన ప్రజాస్వామ్యవ్యవస్థను కూలద్రోయగోరు పక్షము రాజ్యాంగవిరుద్ధమని 21వ యధికరణము చెప్పుచున్నది. కాని యట్లు తేల్చు నధికారము మంత్రులకు గాని పార్లమెంటునకు గాని లేదు. రాజ్యాంగ న్యాయస్థానమునకే కలదు. ఇది మొదటి కట్టుబాటు. రెండవది ఎన్నికల చట్టములోనిది: దేశముమొత్తముమీద నూటికి అయిదు వోట్లు రాని పక్షమునకు, కొన్ని మినహాయింపులు తప్ప, పార్లమెంటులో వోట్ల వంతున స్థానములు దొరకవు. 1953 నుండి యీ నియమము దేశమంతటికి నొక్కటిగా నమలుజరుగుచున్నది. రాష్ట్రముల శాసనసభలకును ఇట్టి నియమమే కలదు. మన దేశమున నియోజకవర్గమునకొకరు గెలుతురు; తగిన వోట్లు రానివారు డిపాజిట్టు పోగొట్టుకొందురు. అచట ప్రధానముగా వోట్ల వంతునుబట్టి స్థానములు పంచుదురు గనుక, చిల్లరపక్షములు సభను నింపకుండ నీ యడ్డము పెట్టిరి. దీనిని మేము గడప యని పిలుతుము.

మొదటి కట్టుబాటు త్వరలోనే పనిలోనికి వచ్చినది. 1949లో నేర్పడిన సోషలిస్టు రైఖ్ పక్షము, నాజీల వారసత్వమును దాచుకొనక చెప్పుకొనుచు, 1951లో దిగువ సాక్సనీ రాష్ట్రమున నూటికి 11 వోట్లును 16 స్థానములును గెలిచినది. 1952 అక్టోబరు 23న న్యాయస్థానము దానిని నిషేధించెను. 1956లో కమ్యూనిస్టు పక్షమును సైతము నిషేధించెను. పిమ్మట నొక్క పక్షమైనను అట్లు నిషేధింపబడలేదు.

1964 నవంబరు 28న హానోవర్ నగరమున జాతీయ ప్రజాస్వామ్య పక్షము స్థాపింపబడినది. చీలికలైయున్న పలు చిన్న గుంపులు దీనిలో కలిసినవి. నిషేధము తప్పించుకొనుటకు దీని పెద్దలు మిక్కిలి జాగ్రత్తపడిరి. పేరులో ప్రజాస్వామ్యమను మాట చేర్చిరి. మొదటి యధ్యక్షుడు ఫ్రీడ్రిఖ్ తీలెన్ బ్రేమెన్ నగరపు వ్యాపారి. కాని యధికారము నానాటికి అడోల్ఫ్ ఫోన్ తాడెన్ చేతిలోనికి పోయినది. 1967లో నాతడే యధ్యక్షుడాయెను. నాయకవర్గమున పూర్వము హిట్లరు పక్షమున సభ్యులైయున్నవారనేకులు. 1965లో పార్లమెంటునకు పోటీచేయగా నూటికి 2.0 వోట్లు వచ్చినవి. పత్రికలు దీనిని లెక్కింపలేదు.

మఱుసటి సంవత్సరముననే కథ మాఱినది. 1966 నవంబరులో హెస్సె రాష్ట్రమున నూటికి 7.9 వోట్లు, రెండువారములకు బవేరియాలో 7.4 వోట్లు. 1967లో రైన్‌లాండ్-పలాటినేట్‌లో 6.9, ష్లెస్విగ్-హోల్‌స్టైన్‌లో 5.8, దిగువ సాక్సనీలో 7.0, బ్రేమెన్‌లో 8.8. 1968 ఏప్రిలున బాడెన్-వ్యూర్టెంబెర్గ్‌లో 9.8. ఇట్లు రెండేండ్లలోపల నేడు రాష్ట్రముల శాసనసభలలో గడప దాటి 61 స్థానములు సంపాదించినది. లోకము ఉలికిపడినది. విదేశపత్రికలు జర్మనీలో పాతభూతము మరల లేచినదని వ్రాసినవి.

దీనికి కారణమేమి? జర్మనులందఱు నకస్మాత్తుగా నాజీలైరా? అట్లనుకొనుట తొందరపాటగును. యుద్ధము తరువాత నెడతెగక పెరుగుచువచ్చిన యా దేశపు సంపద 1966-67లో మొదటిసారిగా వెనుకంజ వేసినది. నిరుద్యోగులు ఆఱు లక్షలు మించిరి. ఇది యొక కారణము. ఇంతకంటె గట్టి కారణము మఱియొకటి యున్నదని మా యభిప్రాయము. 1966 డిసెంబరున రెండు పెద్ద పక్షములు, అనగా క్రైస్తవ ప్రజాస్వామ్యవాదులును సోషల్ డెమొక్రాట్లును, కలిసి యొక్క మంత్రివర్గముగా నేర్పడినవి. దాదాపు 500 మంది గల సభలో ప్రతిపక్షమువారు 50 మందికి మించలేదు. కోపము వచ్చిన పౌరుడు పాలకుల కెదురుగా వోటు వేయగోరిన నెవ్వరికి వేయవలెను? పెద్దలందఱు నొకవైపున కూడియున్నప్పుడు రెండవవైపున మిగిలినది చిన్నవాడే. పైపెచ్చు 1968లో విద్యార్థుల యాందోళనము వీధులకెక్కగా, క్రమము గోరు గృహస్థులు కొందఱు బెదరి యీ పక్షమువైపు చూచిరి. వోటరులలో మతిచెడినవారికంటె కినుకగలవారే యెక్కువగానుండిరని తోచుచున్నది. కాని కినుకతో తాగినను విషము విషమే.

1969 సెప్టెంబరు 28న పార్లమెంటు ఎన్నిక వచ్చినది. ఈ పక్షము తప్పక గడప దాటునని పలువురు తలంచిరి. ఫలితము నూటికి 4.3. పదునాలుగు లక్షలమందికి పైగా దీనికి వోటు వేసిరి, నూటికి 0.7 వోట్లు తక్కువై యొక్క స్థానమును రాలేదు. దేశపు వ్యాపారము మరల కోలుకొనుటయు, కార్మికసంఘములవారు ప్రతి సభయొద్దను ఎదురునిలుచుటయు, ఎన్నికకు కొలదిదినములముందు కాస్సెల్ నగరమున నీ పక్షపు కాపలావాడొకడు నిరసనకారులపై తుపాకి కాల్చుటయు దీనికి కారణములు.

ఈ 0.7 విలువ యెంతయో చూడుడు. ఆ యెన్నికలో సోషల్ డెమొక్రాట్లకు నూటికి 42.7, లిబరల్ పక్షమునకు 5.8, క్రైస్తవ ప్రజాస్వామ్యవాదులకు 46.1 వోట్లు వచ్చినవి. మొదటి రెండు పక్షములును కలిసి 254 స్థానములతో ప్రభుత్వమేర్పఱచినవి; ఎదుటివారికి 242. ఎన్.పి.డి. గడప దాటియుండినచో దానికి సుమారు 25 స్థానములు వచ్చియుండును. అప్పుడు పై రెండు పక్షములకు సగము మించిన బలముండెడిది కాదు. అక్టోబరులో విల్లీ బ్రాంట్ ప్రధానమంత్రిగా నెన్నుకొనబడినప్పుడు వలసినదానికంటె రెండు వోట్లే యెక్కువ వచ్చినవి. ఆ బ్రాంటే 1970 డిసెంబరున వార్సా నగరమున, నాజీలు చంపిన యూదుల స్మారకచిహ్నము ముందు మోకరిల్లినాడు. ఒక చిన్న పక్షము గడప దాటకపోవుటవలననే యొక దేశము తన పాపమును లోకమెదుట నొప్పుకొను దారి తెఱచుకొన్నదన్నచో నతిశయోక్తి కాదు.

ఓటమి తరువాత పక్షము వేగముగా క్షీణించినది. గెలిచిన రాష్ట్రములలో స్థానములన్నియు నొక్కొక్కటిగా పోయినవి. ఫోన్ తాడెన్ 1971లో నాయకత్వము విడిచెను. 1972లో వోట్లు నూటికి 0.6. బ్రాంటు విదేశాంగనీతి రుచింపనివారు పెద్ద కుడిపక్షమైన క్రైస్తవ ప్రజాస్వామ్యవాదులను చేరిరి. తరువాతి మూడు దశాబ్దములలో నీ భావములుగల యితర పక్షములు పైకి లేచి పడినవి. రిపబ్లికన్లను పేరుగల పక్షమునకు 1992లో బాడెన్-వ్యూర్టెంబెర్గ్‌లో నూటికి 10.9 వోట్లు వచ్చినవి. జర్మన్ ప్రజాసంఘమను మఱియొక పక్షమునకు 1998లో సాక్సనీ-అన్‌హాల్ట్‌లో 12.9. దేశపార్లమెంటు గడప నొక్కటియు దాటలేదు. పక్షములు చచ్చుచుండెను, వోటరుల కినుక మాత్రము పాత్ర మార్చుకొనుచు బ్రదికియుండెను.

1990లో తూర్పు, పశ్చిమ జర్మనీలు ఏకమైనవి. తూర్పున కమ్యూనిస్టుల కాలపు కర్మాగారములు మూతబడి, యువకులు పనికై పశ్చిమమునకు వలసపోవగా, గ్రామములు బోసిపోయినవి. ఎన్.పి.డి. దృష్టి అటు తిరిగినది. 1996లో నధ్యక్షుడైన ఊడో ఫోయిగ్ట్ పక్షమును యువకులవైపును వీధులవైపును నడపెను. 2003 చివర ప్రభుత్వము నిరుద్యోగభృతిని కుదించు చట్టమును చేసినది. రెండు పెద్ద పక్షములును దానికి సమ్మతించినవి. తూర్పు ప్రాంతమున దాదాపు అయిదుగురిలో నొకనికి పనిలేని కాలమది. మరల 1966 నాటి పరిస్థితియే: పెద్దలందఱు నొకవైపున, కినుక యొకవైపున. 2004 సెప్టెంబరు 19న సాక్సనీ రాష్ట్రమున ఎన్.పి.డి.కి నూటికి 9.2 వోట్లు, 12 స్థానములు వచ్చినవి. దేశమునేలుచున్న సోషల్ డెమొక్రాట్లకు నచట వచ్చినవి 9.8 మాత్రమే.

సభలో ప్రవేశించిన పిమ్మట నీ పండ్రెండుగురు పేదవాని కూటికై యేమి చేసిరి? 2005 జనవరి 21న నాజీల చేత హతులైనవారి స్మృతికై సభవారందఱు నిలిచి మౌనము పాటింపగా వీరు లేచి వెడలిపోయిరి. అదే దినమున 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెన్ నగరముపై మిత్రరాజ్యముల విమానములు కురిపించిన బాంబులను యూదుల సంహారముతో సమముచేసి మాటలాడిరి. డ్రెస్డెన్‌లో చచ్చిన వేలమంది నిర్భాగ్యులను తలచి దుఃఖించుట మానవధర్మమే. కాని యొక శవమును చూపి వేఱొక శవమును మఱపించుట ధర్మము కాదు. పని గోరి వోటు వేసినవానికి వీరిచ్చినది పగ. కొందఱు సభ్యులు పదవీకాలము ముగియకమునుపే పక్షమును విడిచిరి. 2009లో వోట్లు 5.6కు దిగినను గడప మరల దాటిరి.

2006లో మెక్లెంబుర్గ్-పశ్చిమపొమెరేనియా రాష్ట్రమున నూటికి 7.3 వోట్లతో ఆఱుగురు గెలిచిరి. ఇచటి కథ వేఱు. రాజధాని ష్వెరీన్‌లోని తక్కిన పక్షములన్నియు తమలోనెన్ని భేదములున్నను ఒక యొడంబడిక చేసికొనినవి. ఎన్.పి.డి. తెచ్చిన ప్రతి తీర్మానమునకును అన్ని పక్షముల పక్షమున నొక్కరే లేచి సమాధానము చెప్పుదురు. అందఱును దానిని త్రోసివేయుదురు. దీనికి ష్వెరీన్ మార్గమని పేరువచ్చినది. 1930లో తూరింజియా పెద్దలు చేసినదానికి నిది సరిగా విలోమము. ఈ సభలో నా పక్షము పదేండ్లుండినను దాని కొక్క మంత్రిపదవి గాని, యొక్క పొత్తు గాని దొరకలేదు.

ఐనను మెలకువ యెల్లచోట్ల నొక్కతీరుగా నుండదు. 2019లో హెస్సె రాష్ట్రమున ఆల్టెన్‌స్టాట్ అను పురములోని యొక పేటకు పెద్దను ఎన్నుకొనవలసివచ్చినది. ఆ పేటసంఘమున మూడు ప్రధానపక్షముల సభ్యులును, ఎన్.పి.డి. వాడొకడును కలరు. పెద్దఱికమునకు వేఱెవ్వరును ముందుకు రాలేదు. అందఱును కలిసి యేకగ్రీవముగా ఎన్.పి.డి. వానినే యెన్నుకొనిరి. ఇదేమని పత్రికలవారడుగగా, కంప్యూటరు వాడ నేర్చినవాడు, ఉత్తరములు పంపగలవాడు వాడేయని యొక సభ్యుడు చెప్పెను! దేశమంతయు గగ్గోలుపడగా మఱుసటి నెలలో వానిని తొలగించి వేఱొకరిని పెట్టిరి. ఇది చదివి మేము ముందు నవ్వితిమి, తరువాత నవ్వురాలేదు. దుర్మార్గమునకు స్థానము దొరకుటకు దుర్మార్గులే కావలెనా? పని మీద వేసికొనుటకు మంచివారు బద్ధకించినను చాలును.

ఇక న్యాయస్థానముల సంగతి. 2000 ప్రాంతమున వలసవచ్చినవారిపై దాడులు పెరుగగా, 2001లో ప్రభుత్వమును, పార్లమెంటుయొక్క రెండు సభలును ఎన్.పి.డి.ని నిషేధింపుమని కోరినవి. విచారణలో నొక వింత బయటపడినది. ఆ పక్షపు నాయకవర్గములలో దాదాపు ఏడుగురి కొక్కరు ప్రభుత్వపు వేగువారే. పక్షము చెప్పుచున్న మాటలలో దానివెన్ని, ప్రభుత్వపు జీతగాండ్రవెన్ని యని తేల్చుటెట్లు? 2003 మార్చి 18న న్యాయస్థానము విచారణను నిలిపివేసెను. ఏడుగురు న్యాయమూర్తులలో నల్గురు కొనసాగింపవచ్చుననిరి, మువ్వురు కూడదనిరి; నిషేధమునకు వలసిన సంఖ్యాబలము చాలదాయెను. దొంగను పట్టవచ్చినవాడు దొంగయింటిలోనే కాపురముండిన గతి యిది.

2013 డిసెంబరున రాష్ట్రముల సభవారు రెండవమారు వ్యాజ్యము తెచ్చిరి. ఈ మాఱు వేగువారిని ముందుగా తొలగించుకొనిరి. 2017 జనవరి 17న తీర్పు వచ్చినది. ఈ పక్షపు లక్ష్యములు మనుష్యుని గౌరవమునకు విరుద్ధములని, ప్రజాస్వామ్యమును కూలద్రోయుటయే దీని కోరికయని, నాజీ మతముతో దీనికి చుట్టఱికము కలదని న్యాయమూర్తులు స్పష్టముగా తేల్చిరి. కాని తమ కోరిక నెఱవేర్చుకొను శక్తి దీనికున్నదనుటకు తగిన యాధారములు లేవు కావున నిషేధింపబనిలేదనిరి. అనగా నిది చెడ్డదే కాని నిషేధమున కందనంత చిన్నది! 1956 నాటి తీర్పులో శక్తినిగూర్చి యిట్టి పరీక్ష లేదు. ఈ తీర్పును కొందఱు బలహీనతయనిరి. మేమట్లనుకొనము. భావమునకు భయపడి చేయు నిషేధము రేపు వేఱొకరి భావముపై నుపయోగింపబడవచ్చును. శక్తిలేనివానిని చెఱలో పెట్టుటకంటె శక్తి రాకుండ చూచుకొనుట మేలు.

శక్తిలో ధనమొక భాగము. పార్లమెంటు ఎన్నికలో నూటికి 0.5 గాని, రాష్ట్రపు ఎన్నికలో నూటికి 1 గాని వోట్లు తెచ్చుకొన్న పక్షమునకు జర్మనీలో ప్రభుత్వధనము వచ్చును. కనుక 2005లో 1.6, 2009లో 1.5, 2013లో 1.3 చొప్పున వచ్చిన వోట్లు స్థానములు తేకపోయినను రొక్కము తెచ్చినవి. తన్ను కూల్చగోరువానికి రాజ్యమే భత్యమిచ్చుచుండెను. 2017 తీర్పు సూచించిన దారిని రాజ్యాంగము సవరింపబడి, 2024 జనవరి 23న న్యాయస్థానము ఆఱేండ్లపాటు దీనికి ధనసహాయము తీసివేసెను. అప్పటికే పక్షము 2023లో తన పేరు మార్చుకొని జన్మభూమి యను నర్థము వచ్చు హైమాట్ అను పేరు పెట్టుకొనియుండెను. పేరు మార్చుకొనుట బలము తగ్గినవారి తుది ప్రయత్నము.

బలము నిజముగనే తగ్గినది. 2014లో ఐరోపా పార్లమెంటునకు దేశమునందుండిన గడపను న్యాయస్థానము కొట్టివేయగా, నూటికి 1 వోటుతో ఫోయిగ్టునకు 96లో నొక స్థానము దొరకినది. 2019లో నదియు పోయినది. 2014లోనే సాక్సనీలో ఎనిమిదివందల పైచిలుకు వోట్లు తక్కువై గడప దాటలేకపోయినది. 2016లో మెక్లెంబుర్గ్‌లో నూటికి 3.0కు పడి చివరి శాసనసభనుండియు తొలగినది. 2017లో దేశమంతటను 0.4, 2021లో 0.1.

ఇచటితో కథ ముగిసినచో నెంత బాగుండెడిది! చిన్న పక్షమొకటి పుట్టి, రెండుమారులు పైకి లేచి, ప్రజల వివేకమువలన నడగిపోయినదని వ్రాసి కలము దించియుందుము. కాని 2016లో నదే మెక్లెంబుర్గ్ యెన్నికలో, మూడేండ్ల క్రిందట పుట్టిన ‘జర్మనీకి ప్రత్యామ్నాయము’ అను క్రొత్త పక్షమునకు నూటికి 20.8 వోట్లు వచ్చినవి. ఈ పక్షమును 2013లో స్థాపించినవారిలో ఐరోపా నాణెము నెదిరించు అర్థశాస్త్రజ్ఞులు ముఖ్యులు. అది నాజీల వారసులు పెట్టినది కాదు. కాని 2015 నుండి వలసవచ్చువారిపై విరోధమే దాని ప్రధానవాక్యమై, నానాటికి తీవ్రమైనది. ఎన్.పి.డి. పోగొట్టుకొన్నవి నూటికి మూడు. ఈ పక్షము సంపాదించినవి ఇరువది దాటినవి. కాబట్టి పాతవారి వోట్లే క్రొత్తవారికి చేరినవనుట సరికాదు. పెద్దపక్షములకు వోటువేసినవారును, మునుపు వోటే వేయనివారును అటు పోయిరి. దేశపార్లమెంటునకు 2013లో దీనికి నూటికి 4.7 వచ్చి గడపయొద్ద నిలిచినది, 2017లో 12.6 వచ్చినవి, 2025 ఫిబ్రవరిలో 20.8. ఫ్రిక్ మంత్రియైన తూరింజియాలోనే 2020లో నొక లిబరల్ నాయకుడు దీని వోట్లతో ముఖ్యమంత్రిగా గెలిచి, మఱునాడే రాజీనామా చేయుదునని ప్రకటింపవలసివచ్చినది. 2024 సెప్టెంబరున నచట నీ పక్షమే 32.8 వోట్లతో మొదటిస్థానమున నిలిచినది.

ఎన్.పి.డి. చరిత్రనుండి మేము నేర్చుకొన్నది సంగ్రహముగా నిది. ఇట్టి పక్షమునకు వోట్లు తన సిద్ధాంతమువలన వచ్చుట తక్కువ. జనుల కష్టము పెరిగి, పెద్దపక్షములన్నియు నొక్కతీరుగా వినక మౌనమూనినప్పుడు వచ్చుట యెక్కువ. దానికధికారము తన వోట్లవలన వచ్చుట యింకను తక్కువ; గౌరవనీయులు స్వల్పలాభమునకై తలుపు తెఱచినప్పుడే వచ్చును. గడపలు, తీర్పులు, ధననిరోధము కాలవ్యవధి నిచ్చు సాధనములు; అవి యుండవలసినవే. ఆ వ్యవధిలో జనుల కష్టమును విని తీర్పకున్నచో నవి పాతపక్షమును మాత్రమే చంపును. పక్షము చచ్చుట వేఱు, ద్వేషము చచ్చుట వేఱు.

ఏ దేశమునందైనను పౌరులు తమ యెన్నికల ఫలితములను చదువునప్పుడు గెలిచినవాని పేరుతో పుటను మూయక, క్రిందనున్న చిన్న యంకెలనుకూడ నొకమాఱు చూడవలెనని మా మనవి. నూటికి రెండు వోట్లు వచ్చినవాని మాటలో నేమి యున్నదని యడుగుటకంటె, ఆ యిద్దఱు పౌరులు అటు పోవుటకు మనము వారియెడ చేసిన లోపమేమని యడుగుట మేలు. 1928లో నా ప్రశ్న యడిగినవారు మిక్కిలి తక్కువ.